మా డ్రయర్ రెండు శాతమేనా? ఆ మాటకే నాన్న మిల్లుకు రావడం మానేశారు

మిర్యాలగూడ పక్కనుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, సగం లెక్కలే, అందుకని ముందు సారాంశం చెప్పి తర్వాత జవాబులోకి వెళ్తాను.

వాళ్లది గంటకు 8 టన్నుల వడ్లు పట్టే ఉప్పుడు బియ్యం మిల్లు. నాన్న, బాబాయి కలిసి పెట్టారు. ఊకతో నడిచే బాయిలర్, ఆవిరితో గాలిని వేడిచేసే రేడియేటర్, వడ్లు పైనుంచి కిందికి జారుతుంటే మధ్యలోంచి వేడిగాలి పోయే పాత ఎల్‌ఎస్‌యూ రకం డ్రయర్లు. ఈయన థర్మల్‌లో ఎంటెక్ చేసి, కొన్నేళ్లు బయట ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక తిరిగొచ్చి మిల్లు చూసుకుంటున్నారు. వచ్చిన దగ్గర్నుంచి మీటర్లు పెట్టి కొలుస్తున్నారు. ఆ కొలతల ప్రకారం ఊకలోని శక్తిలో 34 శాతమే వడ్లలోని నీటిని ఆవిరి చేయడానికి అందుతోంది. ఎక్సర్జీ లెక్క, అంటే ఆ వేడికున్న పని చేయగల సత్తాలో ఎంత వాడుకున్నామన్న లెక్క, వేస్తే 2 శాతం కూడా సరిగ్గా రాలేదు. ఈలోపు బాబాయి కొడుకు, కరెంటుతో నడిచి బయటికి పోయే వేడిని మళ్లీ వాడుకునే హీట్ పంప్ డ్రయర్లు అమ్మే కంపెనీ మనిషిని తీసుకొచ్చాడు. తమ మిషన్ ఎక్సర్జీ సామర్థ్యం 80 శాతమని అతను ఒక రిపోర్టు చేతిలో పెట్టాడు. ఇంట్లో అందరూ కూర్చున్న రోజు ఈయన ఆ రెండు అంకెలనూ టీవీ తెర మీద పక్కపక్కన చూపించారు. నాన్న ఒక్కటే మాట అన్నారట: "అయితే నేను ఇన్నేళ్లు నడిపింది రెండు శాతం మిల్లా?" లేచి వెళ్లిపోయారు. అప్పటినుంచి మిల్లు గడప తొక్కలేదు, ఇంట్లో కూడా అవసరానికి మించి మాట్లాడటం లేదు. బాబాయి, తమ్ముడు మాత్రం ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకుందామంటున్నారు. నాన్న సంతకం లేకుండా అది కుదరదు. ఈయన భార్యకు ఇల్లు తాకట్టు అనగానే టెన్షన్ పట్టుకుంది. "నా లెక్క తప్పా? ఆ 80 నిజమా? నాన్నను ఎలా ఒప్పించాలి?" అని అడుగుతున్నారు.

ఉత్తరంలో ఇంకో రెండు వాక్యాలున్నాయి, వేర్వేరు పేజీల్లో. ఒకటి: నాన్న వడ్లను సగం ఎండాక డ్రయర్ నుంచి దింపించి బిన్‌లో నాలుగైదు గంటలు ఉంచేవారు, అది టైం వేస్ట్ అని నేను ఆపించాను. రెండోది: ఈమధ్య నూక ఎక్కువ వస్తోంది, వడ్లలోనే తేడా ఉందేమో.

ఇక నా జవాబు.

మీ లెక్కతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ నాన్నగారితో మాట్లాడే దారి కూడా అందులోనే ఉంది. లెక్క తప్పు కాదండీ. మీరు పంపిన అంకెలతో మళ్లీ వేసి చూశాను. బాయిలర్ 68 శాతం, డ్రయర్ 50 శాతం, రెండూ కలిపితే 34. ఊక బాయిలర్‌కు, వేడిగాలి డ్రయర్‌కు ఇవి మామూలు అంకెలే. కిలో నీరు ఆవిరి కావడానికి ఆ ఉష్ణోగ్రతల దగ్గర 2,400 కిలోజౌళ్ల చిల్లర కావాలి, మీ డ్రయర్ దానికి 4,800 తింటోంది. ఇలాంటి డ్రయర్లు 4,000 నుంచి 6,000 దాకా తింటాయి. అంటే మీది మరీ గొప్పగా లేదు, మరీ అధ్వానంగానూ లేదు. ఈ మాట ఆ రోజు తెర మీద ఎక్కడా లేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

గొడవంతా ఆ రెండో అంకెది. ఈ చదువు చదవని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. ఎనర్జీ లెక్క వేడి ఎంత ఉందో చూస్తుంది. ఎక్సర్జీ లెక్క ఆ వేడితో గరిష్ఠంగా ఎంత పని చేయించుకోగలమో చూస్తుంది, అదీ చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉందన్న దాన్నిబట్టి. బయట 30 డిగ్రీలున్నప్పుడు, 1,000 డిగ్రీల మంట దగ్గరి వేడిలో ముప్పావు వంతుదాకా సిద్ధాంతం ప్రకారం పనిగా మార్చుకోవచ్చు. అదే వేడి 100 డిగ్రీల గాలిలోకి చేరాక పదో వంతే మారుతుంది. దారిలో ఒక్క కెలోరీ కూడా ఒలికిపోకపోయినా సరే, దాని సత్తా మాత్రం పోయింది. ఫ్రాన్స్ ఇంజినీరు కార్నో 1824లో చెప్పిన సూత్రమే ఇది, డ్రయర్ దాకా తెచ్చి వేసుకుంటున్నాం అంతే.

మీ మిల్లులో ఆ సత్తా ఎక్కడెక్కడ పోతోందో వరసగా చూడండి. ఊకలో 100 ఉందనుకుందాం. బాయిలర్ దాటి ఆవిరిలోకి వచ్చేసరికి 20 మిగిలింది. రేడియేటర్ దాటి వేడిగాలిలోకి వచ్చేసరికి ఆరున్నర. గింజలోని నీటిని 45 డిగ్రీల దగ్గర ఆవిరి చేయడానికి అసలు పనికొచ్చింది ఒకటిన్నర, రెండు మధ్య. అంటే 80 పోయింది పొయ్యిలో, 13 దాకా పోయింది రేడియేటర్‌లో. మీ నాన్నగారు ఇన్నేళ్లు దగ్గరుండి నడిపించిన డ్రయర్ వంతు నష్టం మొత్తం మీద ఐదు. మీరేమో స్లైడ్ మీద "డ్రయర్ ఎక్సర్జీ సామర్థ్యం 2 శాతం" అని రాశారు. డ్రయర్ ఒక్కదాన్నే తీసుకుంటే ఇచ్చిన ఆరున్నరలో ఒకటిన్నర వాడుకుంటోంది, పావు వంతు. ఆ శీర్షిక తప్పు, దాన్ని సరిచేయాలి, ఎవరి ముందు చూపించారో వాళ్లందరి ముందే సరిచేయాలి.

ఇంకో మాట కూడా ఉంది, అది మీ ఎంటెక్‌లో చెప్పే ఉంటారు. వడ్లు ఎండడానికి అసలు బాయిలరే అక్కరలేదు. గాలి పొడిగా ఉంటే నీరు తనంతట తాను ఆవిరైపోతుంది, సిద్ధాంతం ప్రకారం దానికి ఇంధనం ఖర్చు సున్నా. పాత మిల్లుల్లో ఉడికిన వడ్లను సిమెంట్ ప్లాట్‌ఫాం మీద ఆరబోసి, కూలీలు కాళ్లతో తిరగేసి ఎండబెట్టింది అలాగే. వానొస్తే పరుగులు, ఎండ మరీ ఎక్కువైతే గింజ పగుళ్లు, కాకులు, ఎలుకలు, రోజుకు ఒక వాయి. డ్రయర్ పెట్టుకుని మనం ఊకతో కొంటున్నది తొందరని, వానాకాలంలో కూడా మిల్లు ఆగకుండా ఉండే భరోసాని. కాబట్టి నూటికి రెండు మార్కులు వచ్చినట్టు ఆ అంకెను చదవకూడదు, ఆ పరీక్షలో నూరు ఎవరికీ రాదు. మీ నాన్నగారు దాన్ని మార్కుల్లాగే చదివారు. మీరు చూపించిన తీరులో ఎవరైనా అలాగే చదువుతారు.

మరి ఆ 80 సంగతి. రిపోర్టు కాపీ మీరు జత చేశారు కాబట్టి చెప్పగలుగుతున్నాను. అందులో వాళ్లు డ్రయర్‌లోంచి బయటికి పోయే గాలి ఎక్సర్జీని లోపలికొచ్చే గాలి ఎక్సర్జీతో భాగించారు. ఈ సూత్రంతో చాలామంది పరిశోధన పత్రాలు కూడా రాశారు, దొంగ లెక్క అనను. కానీ అది చెప్పేది వేరు. బయటికి పోయే వేడిగాలినే ఉత్పత్తిగా లెక్కేస్తే, డ్రయర్‌లో వడ్లు ఎంత తక్కువ ఎండితే సామర్థ్యం అంత ఎక్కువ కనబడుతుంది. వడ్లే పోయకుండా ఖాళీ డ్రయర్‌లో గాలి తోలితే దాదాపు 100 వస్తుంది! మీ పాత డ్రయర్‌కు కూడా అదే సూత్రం వేసి చూడండి, ఆఖరి గంటల్లో, గింజ ఎండిపోయి గాలి వేడివేడిగా బయటికి పోతున్నప్పుడు, మీదీ 70, 80 చూపిస్తుంది. ఊక వృథాగా పోతున్నది సరిగ్గా ఆ గంటల్లోనే. అందుకని ఆ 80ని, మీ 2ని పక్కపక్కన పెట్టడం కుదరదు, రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఒకే కొలబద్దతో కొలుద్దాం. హీట్ పంప్ డ్రయర్లు ఒక యూనిట్ కరెంటుకు ఒకటి నుంచి నాలుగు కిలోల నీటిని తీస్తాయి, మిషన్‌నిబట్టి, గింజనిబట్టి. మధ్యస్థంగా రెండు కిలోలు అనుకుందాం. మీరు వాడిన సూత్రంతోనే వేస్తే మీటర్ దగ్గర్నుంచి దాని ఎక్సర్జీ సామర్థ్యం 6 శాతం చిల్లర. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ మీది పొయ్యి దగ్గర్నుంచి మొదలైన లెక్క, దానిది మీటర్ దగ్గర్నుంచి. ఆ కరెంటు బొగ్గు కేంద్రంలో తయారైతే అక్కడే మూడింట రెండు వంతులు పోయాయి. అది కూడా కలిపితే మళ్లీ తిరిగి తిరిగి 2 దగ్గరికే వస్తుంది.

రూపాయల్లోకి వద్దాం, బ్యాంకు మేనేజర్ అడిగేది అదే. టన్ను వడ్లు నానబెట్టి ఉడకబెట్టాక 30 శాతం తేమతో డ్రయర్‌లోకి వచ్చి 14 శాతంతో దిగాలంటే దాదాపు 230 కిలోల నీరు తీయాలి. మీ 34 శాతం లెక్కన దానికి 120 కిలోల ఊక. ఊక మీ మిల్లుదే, టన్ను వడ్లకు 200 కిలోల దాకా వస్తుంది. కిలో 4 రూపాయలు వేసుకున్నా 480 రూపాయలు. హీట్ పంప్‌కు అదే నీటికి 115 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 920. ఈ ధరలు నేను ఊహించి వేసినవి, మీ దగ్గరి ధరలు మీరు వేసుకోండి, తేడా తగ్గొచ్చు, తిరగబడటం మాత్రం కష్టం. మరోటి, గంటకు 8 టన్నులు మొత్తం దాని మీదే ఎండాలంటే డ్రయర్‌కే 900 కిలోవాట్ల పైన లోడ్ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, డిమాండ్ చార్జీలు, ఇవేవీ ఆ రిపోర్టులో లేవు. హీట్ పంప్ చెడ్డ మిషన్ అని మాత్రం అనుకోకండి. విత్తనాలకు, మునగాకుకు, ఔషధ మొక్కలకు, వేడి తగిలితే రంగూ వాసనా పోయే సరుకుకు అది మంచి మిషన్. సొంత ఊక గుట్టలుగా పడి ఉండే బాయిల్డ్ మిల్లుకు దాని అవసరం నాకు కనబడటం లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఆపించిన ఆ బిన్ సంగతి.

తడి గింజలో ఎండటం మొదట చకచకా జరుగుతుంది, పైపై నీరు కాబట్టి. తేమ 16, 18 శాతం దగ్గరికి వచ్చాక నీరు గింజ లోపలినుంచి పైకి రావాలి, అది దాని సొంత వేగంతో వస్తుంది, మీరు ఎంత వేడి తోలినా ఆ వేగం పెద్దగా పెరగదు. ఆ దశలో పైపొర ఎండి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడి, గింజలో సన్నటి పగులు పడుతుంది. ఆ పగులు డ్రయర్‌లో కనబడదు, మిల్లులో పాలిష్ పట్టేటప్పుడు నూకై బయటపడుతుంది. మధ్యలో దింపి నాలుగైదు గంటలు బిన్‌లో ఉంచితే, ఒక్క కిలో ఊక కాల్చకుండానే తేమ లోపలినుంచి పైకి సర్దుకుంటుంది. మళ్లీ డ్రయర్‌లో పోసినప్పుడు తక్కువ సేపట్లో ఎండుతుంది, గింజా నిలుస్తుంది. ఎక్సర్జీ చదివినవాణ్ని ఎవరినైనా అడగండి, ఎక్కడ వేడి పెట్టినా ఉపయోగం లేదో అక్కడ వేడి ఆపేసి టైం ఇవ్వమంటాడు. మీ నాన్నగారు చేస్తున్నది అదే. మీ మిల్లు మొత్తంలో ఎక్సర్జీ దృష్టితో అన్నిటికంటే తెలివైన పని ఏదంటే నేను ఆ బిన్‌నే చూపిస్తాను. నూక పెరగడానికి కారణం వడ్లలో వెతుకుతున్నారు, బిన్ ఆపిన తేదీ, నూక పెరిగిన తేదీ పక్కపక్కన పెట్టి చూశారా? వడ్లలో తేడా కూడా ఉండొచ్చు, యాసంగి వడ్ల సంగతి మీకు తెలుసు. కానీ ముందు ఆ బిన్ వెంటనే మొదలుపెట్టించండి. ఉప్పుడు బియ్యంలో నూక 16 శాతం దాటితే, ప్రభుత్వం తరఫున బియ్యం తీసుకునే ఎఫ్‌సీఐ దగ్గర లాట్ నిలవదు. డ్రయర్ టైం మిగిల్చి లాట్ పోగొట్టుకుంటే ఏం లాభం?

ఇక చేతిలో ఉన్న దారులు, ఒక్కో దారికి వచ్చే ఫలితం.

మొదటిది, ఉన్న సామానునే సరిచేసుకోవడం. డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ కావాల్సిన దారి. రేడియేటర్ నుంచి వచ్చే వేడి నీళ్లు కాలువలో పోతున్నాయని రాశారు, ఆ ఒక్క వాక్యం చదివి నాకు ప్రాణం ఉసూరుమంది. బాయిలర్‌కు పోసే నీటి వేడి 6 డిగ్రీలు పెరిగితే దాదాపు 1 శాతం ఇంధనం మిగులుతుంది. 30 డిగ్రీల బోరు నీటి బదులు 80 డిగ్రీల నీళ్లు తిరిగి పోస్తే 8 శాతం. ఒక ట్యాంకు, ఒక పంపు, పైపు చుట్టూ గ్లాస్‌వూల్, స్టీమ్ ట్రాపులు (ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే వదిలే వాల్వులు) పనిచేస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోవడం. తర్వాత, ఆఖరి దశలో బయటికి పోయే వేడి పొడి గాలిని కొంత మళ్లీ బ్లోయర్‌లోకి తిప్పడం. మొదటి గంటల్లో తిప్పకండి, అప్పుడు ఆ గాలి నిండా తడి, డక్ట్ గోడలకు నీళ్లు పట్టి తుప్పు, బూజు వస్తాయి. తిప్పే గాలిలో దుమ్ము, పొట్టు ఉంటాయి, ముందు దుమ్మును వేరుచేసే సైక్లోన్ పెట్టకపోతే రేడియేటర్ రెక్కలు మూసుకుపోయి అసలుకే మోసం వస్తుంది. ఆ దశలోనే గాలి కూడా అంత అక్కరలేదు కాబట్టి బ్లోయర్‌కు మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ పెట్టి వేగం ఐదో వంతు తగ్గిస్తే దాని కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది.

ఈ దారిలోనే ఇంకో పెద్ద విషయం ఉంది, ఎక్కువ ఎండబెట్టడం. మీ నైట్ షిఫ్ట్ శాంపిళ్లు 12 శాతం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ చూపిస్తున్నాయని పట్టికలో ఉంది. ఆపరేటర్‌ను తప్పుపట్టకండి, బియ్యం 14 దాటితే లాట్ మీద మాట వస్తుందని, ఆ మాట తన మీదికి వస్తుందని అతని భయం. కానీ 14కు బదులు 12కు ఎండబెడితే టన్నుకు 23 కిలోల బరువు గాలిలో కలిసిపోతుంది, ఆ 23 కిలోల నీటిని తీయడానికి ఊక కూడా అన్నిటికంటే ఎక్కువ పడుతుంది, ఎందుకంటే ఆఖరి నీరే మొండి నీరు. ప్రభుత్వానికి క్వింటాల్ వడ్లకు 68 కిలోల ఉప్పుడు బియ్యం లెక్కచెప్పాల్సిన మిల్లుకు ఇది నేరుగా జేబులోంచి పోయే డబ్బు. మీ నాన్నగారు పిడికెడు గింజలు అరచేతిలో నలిపి, ఒకటి పంటి కింద పెట్టి కొరికి, "చాలు, దించు" అనేవారని మీరే రాశారు. ఆయన రావడం మానేశాక "చాలు" అనేవాళ్లు లేరు. మంచి మాయిశ్చర్ మీటర్ ఒకటి కొనండి, గంటకోసారి కొలవమనండి, 14 దగ్గర దించితే తిట్టబోమని ఆపరేటర్‌కు మీరు స్వయంగా మాట ఇవ్వండి. ఇవన్నీ కలిపితే టన్నుకు 20 కిలోల ఊక మిగలడం కష్టం కాదు. ఇబ్బందల్లా, ఇందులో చుట్టాలకు చూపించడానికి కొత్త మిషన్ ఏదీ ఉండదు, తమ్ముడికి ఉత్సాహం రాదు, మీరేమో రోజూ వెంటపడాలి.

రెండోది, మీ ఎక్సర్జీ లెక్క నిజంగా వేలు పెట్టి చూపిస్తున్న దారి. మీ బాయిలర్ పదిన్నర కిలోల ప్రెషర్ మీద ఆవిరి చేస్తుంది, దాన్ని వాల్వ్‌తో మూడున్నరకు తగ్గించి రేడియేటర్‌కు పంపుతున్నారు. ఎనర్జీ లెక్కలో ఆ వాల్వ్ దగ్గర నష్టం సున్నా, అందుకే ఎవరి కంటా పడదు. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలేటప్పుడు కాలువ తల దగ్గర పవర్‌హౌస్‌లోంచి తిప్పి వదిలినా, గేటు ఎత్తి వదిలినా మీ పొలానికి అందే నీరు ఒకటే, కరెంటు మాత్రం ఒక పద్ధతిలోనే వస్తుంది. మీ వాల్వ్ ఆ గేటు. దాని స్థానంలో చిన్న బ్యాక్ ప్రెషర్ టర్బైన్ (ఆవిరితో తిరిగి, తగ్గిన ప్రెషర్‌తో ఆ ఆవిరిని ముందుకు వదిలేది) పెడితే, గంటకు 4 టన్నుల ఆవిరి పోయేచోట, టర్బైన్ సామర్థ్యం సగమే అనుకున్నా 80, 90 కిలోవాట్ల కరెంటు వస్తుంది. వడ్లు ఎండటం ఎండుతూనే ఉంటాయి, ఊక మాత్రం కాస్త ఎక్కువ పడుతుంది. ఇంకా పెద్ద మిల్లులు 45 కిలోల ప్రెషర్ బాయిలర్ పెట్టి ఇంకా ఎక్కువ తీస్తాయి. కానీ ఇది ఉట్టిగా రాదు. డ్రయర్ నడిచినంతసేపే టర్బైన్ తిరుగుతుంది, ఏడాదికి ఎన్ని గంటలు మీ మిల్లు పూర్తి లోడ్ మీద నడుస్తుందో నిజాయితీగా లెక్క వేసుకోవాలి. తడి ఆవిరి పోతే రెక్కలు తినేస్తుంది, నీటి శుద్ధి ఇప్పటిలా ఉంటే చాలదు, తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ఐదారు నెలలు ఖాళీగా ఉండే మిల్లుకు నేనైతే వద్దంటాను. నిండుగా నడిచే మిల్లయితే, మొదటి దారిలో పనులన్నీ పూర్తయ్యాక, కొటేషన్ తీసుకోండి.

మూడోది హీట్ పంప్, దాని గురించి చెప్పేశాను. ఒకవేళ ఇంట్లో సమాధానపడటానికి అది తీసుకోవాల్సే వస్తే, మొత్తం మిల్లుకు వద్దు, ఒక చిన్న యూనిట్‌తో విత్తనాల డ్రయింగ్ వేరే పనిగా పెట్టుకోమని తమ్ముడికి చెప్పొచ్చు. అప్పుడు అప్పు చిన్నది, ఇల్లు తాకట్టులోకి వెళ్లాల్సిన పని ఉండకపోవచ్చు, అతనికంటూ ఒక పని ఉంటుంది. అది నడవకపోతే పోయేది ఆ యూనిట్ వరకే.

నాలుగోది, ఈ ఏడాది ఏ అప్పూ చేయకుండా ఆగడం. ఇది పిరికితనం అని మీ బాబాయి అనొచ్చు. కానీ 2021లో ఏమైందో ఆయనకు మీకంటే బాగా తెలుసు, ఇక మీదట ఉప్పుడు బియ్యం తీసుకోం అని కేంద్రం చెప్పాక రాష్ట్రమంతా ఎంత గొడవ జరిగిందో, 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో ధర్నా దాకా వెళ్లింది. మన యాసంగి వడ్లు ఎండలకు పచ్చి బియ్యంగా ఆడితే నూక అవుతాయి కాబట్టి బాయిల్డ్ తప్పదు, నిజమే, అయినా కొనేవాడు ఒక్కడే అయినప్పుడు డ్రయర్ మీద పదేళ్ల అప్పు పెట్టడం అంటే ఆ ఒక్కడి మాట మీద ఇల్లు పెట్టడమే. మీ భార్య భయానికి ఆధారం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆగితే నష్టం కూడా ఉంది, పాత డ్రయర్ మరమ్మతులు, తమ్ముడి అసంతృప్తి. అవి రెండూ భరించగలిగినవే అని నా ఉద్దేశం.

ఇప్పుడు నాన్నగారి విషయం. "ఎలా ఒప్పించాలి" అని అడిగారు. సంతకం కోసం ఒప్పించాలనే ఆలోచనతో ఆయన దగ్గరికి వెళ్తే ఆయనకు తెలిసిపోతుంది, మిల్లు నడిపిన మనిషి, ఎదుటివాడు దేనికొచ్చాడో మొహం చూసి చెప్పగలరు. ఉత్త క్షమాపణ చెప్పడం ఒక దారి, "సారీ నాన్నా, ఏదో అన్నాను" అని. ఆయన "సరేలే" అంటారు, లోపల మాత్రం ఆ రెండు శాతం అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే ఆ అంకె నిజమనే ఆయన నమ్ముతున్నారు. బయటి ఆడిటర్‌ను, బీఈఈ (కేంద్రం పెట్టిన ఇంధన పొదుపు సంస్థ) సర్టిఫికెట్ ఉన్నవాళ్లను పిలిపించి ఆయనతో మాట్లాడించడం ఇంకో దారి. బాబాయి, తమ్ముడు వినడానికి అది పనికొస్తుంది, కానీ నాన్నగారికి మాత్రం కొడుకు చాలక ఇంకొకణ్ని తెచ్చినట్టుంటుంది. నాకు తోచేది, ఆ బిన్ గురించి ఆయన్నే అడగండి. "నాన్నా, మధ్యలో దింపడం ఆపాక నూక పెరిగింది. ఎన్ని గంటలు పెట్టేవాళ్లు, ఎప్పుడు దింపాలని ఎలా తెలిసేది?" ఇది నటన కాదు కదా, మీకు నిజంగా ఆ జవాబు కావాలి. ఆయన వెంటనే చెప్పకపోవచ్చు, "నీ కంప్యూటర్‌నే అడుగు" అని కూడా అనొచ్చు, ఓర్చుకోండి. చెప్పినప్పుడు రాసుకోండి. ఒక వాయి ఆయన చెప్పినట్టు, ఒక వాయి ఆపకుండా, ఒకే లాట్ వడ్లతో నడిపి ఊక, గంటలు, నూక మూడూ కొలిచి ఆ కాగితం ఆయన చేతికివ్వండి. తర్వాత మళ్లీ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, పొయ్యిలో 80, రేడియేటర్‌లో 13, డ్రయర్‌లో 5 అన్న లెక్క చూపించి, ఆ రోజు శీర్షిక తప్పు రాశానని వాళ్లందరి ఎదుట చెప్పండి.

తమ్ముడితో మాత్రం ఒంటరిగా మాట్లాడండి, నాన్నకు జరిగింది అతనికి జరగకూడదు. కంపెనీ మనిషిని మళ్లీ పిలిపించి, తమ్ముడి చేతే మూడు విషయాలు అడిగించండి: 30 శాతం తేమతో వచ్చే ఉడికిన వడ్ల మీద కిలో నీటికి ఎన్ని యూనిట్లు అవుతాయో కాగితం మీద రాసిస్తారా, గంటకు 8 టన్నుల బాయిల్డ్ మిల్లులో నడుస్తున్న మిషన్ ఒకటి తీసుకెళ్లి చూపిస్తారా, చెప్పిన యూనిట్లు రాకపోతే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారు. ఆ జవాబులు రాతలో వచ్చేదాకా ఇంటి కాగితాలు బీరువాలోనే ఉంచండి.